బీరువా దాటిన అట్ట

కొట్టు, ముందు గది
మంగళవారం, బేరాల్లేని పూట

గుండీకి,

కవరు మీద నా చేతిరాత చూడగానే ఎవరో పోయారని కంగారుపడకు. ఈ ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్ని. నేను బతికే ఉన్నాను కాబట్టి ఇక్కడ అందరం క్షేమమే.

అక్షరాలు వంకర పోయాయని వెక్కిరించకు, నేను రాయబోయే సంగతే అది. ఏడాదిగా కుడిచేతి వేళ్ళకి పట్టు తప్పుతోంది. మొదట కత్తెర మొద్దుబారిందనుకుని సాన పట్టించాను. రెండోసారి తీసుకెళ్ళేసరికి సానపట్టేవాడు "అమ్మా, ఇంకా అరగదీస్తే ఇది సూదైపోతుంది" అన్నాడు. అప్పుడు గాని తప్పు కత్తెరది కాదని ఒప్పుకోలేదు నేను.

పెద్దాసుపత్రిలో రెండు నెలలు తిప్పారు. తొడలోంచి చిటికెడు కండ తీశారు, సీసాల కొద్దీ నెత్తురు తీశారు. చివరికి ఒక డాక్టరమ్మ, నీకంటే చిన్నది, "మీ కండరాల్లో ఒక ప్రోటీన్ తయారు కావడం లేదండీ" అంది. "రోజూ రెండు గుడ్లు తింటున్నాను కదమ్మా" అన్నాను. పాపం, నవ్వు ఆపుకోవడానికి పెన్ను కింద పడేసుకుని వెతుక్కుంది. అది తినే ప్రోటీనుతో తీరేది కాదట. ఒంట్లో తయారు కావలసినదట. దాన్ని ఎలా చెయ్యాలో చెప్పే సమాచారంలోనే పుట్టుకతో లోపమట. మందు లేదు. ప్రాణానికి భయం లేదు. "నెమ్మదిగా చేతులు బలహీనపడతాయి, అంతే" అంది. అంతేనట! చేతులు తీసేస్తే నాలో ఇంకేం మిగులుతుందో ఆవిడే చెప్పాలి.

నువ్వు ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని ఇదే కదే. ఎన్నిసార్లు చెప్పినా నా బుర్రకెక్కలేదు, ఎందుకంటే అప్పుడది నీ ఉద్యోగం. ఇప్పుడు నా ఒళ్ళు. ఆసుపత్రి కాగితాల నకళ్ళు ఇందులోనే పెట్టాను, చూసి నాకు తెలిసిన మాటల్లో రాయి. పాఠం అప్పజెప్పకు.

ఏడాది చివర కొట్టు మూసేస్తున్నాను. మూసేలోపు ఒకే ఒక్క కోటు, అమ్మ కోటు, కాలరు మెడ చుట్టూ పిల్లిలా ముడుచుకుని కూర్చునేది, నా చేత్తో కుట్టాలని ఉంది. ఊరంతా మన కొట్టుకి వచ్చింది ఆ కాలరు కోసమే. అమ్మ గీసిన కత్తిరింపు అట్ట పోయిన రోజునుంచి అది ఒక్కసారీ సరిగ్గా కూర్చోలేదు. నకలు మీద నకలు దించుకుంటూ ఈడ్చుకొస్తున్నాను. అంతా మన కొట్టులో పనిచేసిన ఆ కటింగు మాస్టరు చేసిన ఘనకార్యం.

మీ అక్క


పరిశోధనశాల, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
శుక్రవారం

అక్కా,

ఫోను తీశాను. మళ్ళీ పెట్టేశాను. ఫోనులో మనిద్దరం ఎండా వానా గురించి తప్ప మాట్లాడుకోలేమని నీకూ తెలుసు. అందుకే ఇది.

నీ ఒళ్ళంతా కొట్లే అనుకో. ముప్పై లక్షల కోట్ల కొట్లు, ఒక్కొక్కటీ కంటికి ఆననంత చిన్నది. వాటిని కణాలంటాం. దాదాపు ప్రతి కొట్టులోనూ లోపల ఒక గది, ఆ గదిలో ఒక బీరువా. అందులో అట్టలు. ఎముకకి, కంటికి, కండకి, నెత్తురుకి, మనిషికి కావలసిన అన్నిటి అట్టలూ ప్రతి కొట్టులోనూ ఉంటాయి. కానీ కంటి కొట్టు కంటి పనికి కావలసినవే తీస్తుంది. మిగతావి మడత విప్పకుండా అలాగే పడి ఉంటాయి. ఆ అట్టల మొత్తాన్ని డి.ఎన్.ఏ. అంటాం. ఒక్కో అట్ట ఒక్కో జన్యువు.

అట్ట అంచున మన గాట్లలాగే గాట్లుంటాయి. నాలుగే రకాలు. ఒక ప్రోటీన్ కావలసి వచ్చిందనుకో, అసలు అట్టని బల్ల మీదకి తేరు. బీరువా దగ్గరే పల్చటి కాగితం మీద నకలు దించి, ఆ నకలునే గది బయటకి పంపుతారు. దాని పేరు ఆర్.ఎన్.ఏ. బయట కుట్టు బల్ల ఉంటుంది, దాని పేరు రైబోజోమ్. అది నకలుని ఒక కొసనుంచి మూడేసి గాట్ల చొప్పున తడుముకుంటూ పోతుంది. ఏ మూడు గాట్లకి ఏ ముక్క తగిలించాలో ముందే నిర్ణయం. ముక్కలు ఇరవై రకాలు, వాటిని అమైనో ఆమ్లాలంటాం. ఒక్కో రకం ముక్కని పట్టుకొచ్చి అందించే వాళ్ళు వేరే ఉంటారు. చంకీ పక్కన చంకీ గుచ్చినట్టు గొలుసు పెరుగుతుంది. చివర్న ఒక మూడు గాట్లు వస్తాయి. వాటికి ముక్క లేదు. "చాలు, దారం తెంపు" అని వాటి అర్థం. తెంపుతారు. ప్రోటీన్ బయటికొస్తుంది.

నకలుని కొద్దిసేపు వాడి చింపేస్తారు. మళ్ళీ కావలిస్తే మళ్ళీ అసలు దగ్గరికే వెళ్ళి దించుకుంటారు.

నీ కండల్లో జరుగుతున్నదేమిటంటే, ఒక అట్టలో, నడిమధ్యన, ఒకే ఒక్క గాటు తేడా పడింది. దాంతో అక్కడ "దారం తెంపు" అని వచ్చేసింది. బల్లకేం తెలుసు, తెంపేస్తుంది. మోచెయ్యి దాకా వచ్చిన కోటుని ఎవరు తొడుక్కుంటారు? కొట్టువాళ్ళే చెత్తలో వేస్తారు. ప్రతి అట్టకీ మనకి జత ఉంటుంది, అమ్మ వైపు నుంచి ఒకటి, నాన్న వైపు నుంచి ఒకటి. ఇద్దరికీ ఒక్కో మంచి అట్ట ఉంది కాబట్టి వాళ్ళ చేతులకేం కాలేదు. నీకు మాత్రం ఇద్దరి దగ్గర్నుంచీ లోపమున్నదే వచ్చింది. ఇందులో నీ తప్పు లేదు, గుడ్ల తప్పూ లేదు.

ఇలా రాయడం సరైనదేనా అని అనుమానంగానే ఉంది. పోలిక చెప్పినప్పుడల్లా ఏదో ఒకటి జారిపోతుంది. ఇన్నేళ్ళు చదివి నేను నేర్చుకున్నది ఆ అనుమానమేనేమో.

కాలరు సంగతి తర్వాత రాస్తాను.

నీ గుండీ


కొట్టు, వెనక గది, కత్తిరింపు బల్ల
ఆదివారం, కొట్టుకి సెలవు

ఒసేయ్ గుండీ,

ఇంత తేలికైన విషయాన్ని పట్టుకునా ఇరవై ఏళ్ళు జీతం తీసుకుంటున్నావు! ఉత్తరం డాక్టరమ్మకి చూపించాను. చదివి, "మీ చెల్లెలు నా క్లాసుకి వచ్చి చెప్తారా?" అంది. "పిలిస్తే రాదమ్మా, మా ఇంటికే రాదు" అన్నాను.

నాకు నచ్చిందేమిటో తెలుసా? అసలుని బీరువా దాటనివ్వకపోవడం. కంటికి కనపడని కొట్టుకి ఉన్న తెలివి నాకు లేకపోయింది. నకలుకి నకలు తీసినప్పుడల్లా కాగితం సాగుతుంది, పెన్సిలు గీత లావు పడుతుంది, కాలరు వెంట్రుకవాసి పక్కకి జరుగుతుంది. ఇరవై ఏడేళ్ళు జరిగింది. ఇప్పుడు నా కోట్ల కాలర్లు చెవులు రిక్కించిన కుందేళ్ళలా నిలబడి ఉంటాయి.

నువ్వు చదువుకి వెళ్ళిన ఏడాదే అట్ట పోయింది. అమ్మ పోయి పది నెలలు. బీరువా తాళం రెండే రెండు, ఒకటి నా దగ్గర, ఒకటి మాస్టరు దగ్గర. అమ్మ పెంచిన మనిషి, కత్తెర పట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నవాడు. ఎదురు వీధి కొట్టువాళ్ళు అతన్ని పిలుస్తున్నారని అప్పటికే పుకారు. ఇంకేం కావాలి? నలుగురు బేరగాళ్ళు కూర్చుని ఉండగానే అడిగాను. "ఎంతకి అమ్మారు మా అమ్మ అట్టని?" అని. అతను మెడలో టేపు తీసి చుట్ట చుట్టాడు. కత్తెర దాని పక్కన పెట్టాడు. తాళంచెవి వాటి పక్కన. "ఒకసారి ఇల్లంతా వెతకండి" అన్నాడు. అంతే, వెళ్ళిపోయాడు. ఎదురు వీధికి కాదు, ఊరే దాటిపోయాడు.

నీకు ఒక మాట ఎప్పుడూ చెప్పలేదు. చేతులు ఇలా అయ్యాక దాచుకోవడానికి కూడా ఓపిక ఉండటం లేదు. అమ్మ పోయిన ఏడాది గడిచాక పెళ్ళి చేసుకుందామనుకున్నాం, నేనూ మాస్టరూ. ఎవరికీ తెలీదు. అతను నా కోటుకి కొలతలు తీసుకున్న రోజున అనుకున్నాం. ఆ కోటు సగంలో ఉండిపోయింది. మోచెయ్యి దాకా కోటు అని నువ్వు రాస్తే అదే గుర్తొచ్చింది.

ఏటా గుండీల వ్యాపారి వస్తాడు. నేనడక్కుండానే మాస్టరు కబుర్లు చెప్తాడు, నేను వినకుండానే వింటాను. పైన ఎక్కడో రైలు నాలుగు గంటలు పోయే ఊళ్ళో కొట్టు పెట్టాడట. దొంగ అట్టతో బాగుపడ్డాడులే అనుకుంటూ బతికాను. అలా అనుకోకపోతే బతకడం కష్టమయ్యేది.

మీ అక్క


నా గది
బుధవారం

అక్కా,

ఈ ఉత్తరంతో పాటు పార్సిల్ వస్తుంది. ముందు ఉత్తరం చదువు. లేదా పార్సిలే విప్పు. ఏది ముందైనా ఒకటే.

అట్ట నేనే తీసుకెళ్ళాను.

చదువుకి బయల్దేరే రోజు నువ్వు స్నానానికి వెళ్ళినప్పుడు నీ కొంగుముడిలోని తాళంచెవి బల్ల మీద ఉంది. కాలరు వంపు దగ్గర అమ్మ పెన్సిలుతో "ఇక్కడ నెమ్మది" అని రాసింది, గుర్తుందా? అమ్మ చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదు. కొలతల పుస్తకమంతా నీ రాత. ఆ రెండు మాటల కోసం తీసుకున్నాను. కొట్టులో నకళ్ళు ఉన్నాయి కదా, పని ఆగదు కదా అనుకున్నాను. పందొమ్మిదేళ్ళ నాకు నకలున్న చోట అసలు లేకపోయినా ఫరవాలేదనిపించింది. ఆ తర్వాత నా బతుకంతా దానికి ఉల్టాగా పాఠం చెప్పడంతో గడిచింది.

అట్ట పోయిందనీ, మాస్టర్ని పంపేశాననీ నువ్వు రాసిన ఉత్తరం రెండు నెలలకి వచ్చింది. ఆ రోజే రాయాల్సింది. "సెలవులకి వెళ్ళినప్పుడు చెప్తాను" అనుకున్నాను. సెలవులకి వచ్చాను, చెప్పలేదు. ఆ తర్వాత మొదటే ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాల్సి వచ్చేది. ఏడాదికేడాది ఆ రెండోది పెరిగిపోయింది. వచ్చినప్పుడల్లా రెండు రోజులే ఉండి, వెనక గదిలో అడుగు పెట్టకుండా పారిపోయింది అందుకే. నువ్వు నాకు చదువు గర్వం అనుకునేదానివి. అలాగే అనుకోనిచ్చాను.

ఒక పనివాడి ఉద్యోగం పోయిందనుకున్నాను, అక్కా. అదే నాకు మొయ్యలేని బరువు. నువ్వు మొన్న రాసింది చదివాక, నేనిన్నాళ్ళు మోసింది అందులో మూలనున్న చిన్న ముక్కేనని తెలిసింది.

క్షమించమని అడగటం లేదు. అడిగితే ఆ భారం కూడా నీ మీద పెట్టినట్టవుతుంది. అట్ట మాత్రం చెక్కుచెదరలేదు. బట్టల మధ్య చదునుగా ఉంచాను. మడత పెట్టలేదు, ఎవరికీ చూపించలేదు.

నీ చెల్లెలు


పరిశోధనశాల, అదే బల్ల
ఇంకో నెల గడిచాక

అక్కా,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. పార్సిల్ నీకే అందినట్టు సంతకం చీటీ వచ్చింది. వంకర సంతకం. దాన్ని డ్రాయరులో దాచుకున్నాను. దాచుకోవడం మానలేకపోతున్నాను చూశావా.

నేనూ నెత్తురు పరీక్ష చేయించుకున్నాను. నాకు ఒకటి మంచిది, ఒకటి లోపమున్నది. నా చేతులకేమీ కాదు. ఇద్దరం ఒకే బీరువాలోంచి వచ్చాం. మంచి అట్ట మళ్ళీ నాకే దక్కింది. ఈ ఫలితం చూసి సంతోషించాలో ఏం చెయ్యాలో తెలీక మెట్ల మీద కూర్చుండిపోయాను.

నా మొదటి ఉత్తరంలో ఒకటి జారిపోయింది. నీకు జవాబు రాయడానికి వేరే వంక దొరక్క అది చెప్తున్నాను. గొలుసు గుచ్చినంత మాత్రాన ప్రోటీన్ కాదు. అది తగిన తీరులో ముడుచుకోవాలి. ముడుచుకుంటేనే పని చేస్తుంది, లేకపోతే వట్టి దారపు ఉండ. ఏ తీరో చాలావరకు ఆ గొలుసులోనే ఉంది, నిజమే. కానీ కొట్టులో మహా ఇరుకు, ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. అందుకని కొన్ని గొలుసులకి, ముడుచుకునేదాకా, పక్కనుండి పట్టుకునే సాయం కావాలి. ఆ పని చేసే ప్రోటీన్లు వేరే ఉన్నాయి. పట్టుకుంటాయి, సర్దుతాయి, వదిలేస్తాయి. తయారైన దాంట్లో అవి ఎక్కడా మిగలవు. ఆ గొలుసు అట్టంతా చదివినా అవి కనపడవు. అందుకే చాలాకాలం మాకు వాటి సంగతే తెలీదు.

తిట్టడానికైనా రాయి.

నీ గుండీ


కొట్టు, వెనక గది
గురువారం, వాన

గుండీకి,

కోపం తగ్గి రాస్తున్నాననుకోకు. పార్సిల్ విప్పి చూసి మూడు రోజులు కొట్టు తియ్యలేదు. నువ్వు ఎదురుగా ఉంటే గజం కర్ర విరిగేది. నాలుగో రోజున, ఇన్నేళ్ళూ ఒక్కసారైనా నీ పెట్టె వెతకాలని నాకెందుకు తోచలేదా అని నా మీదకి మళ్ళింది. "ఒకసారి ఇల్లంతా వెతకండి" అన్నాడు కదా అతను. వెతకలేదు. దొంగెవరో ముందే తెలిసిపోయినదానికి వెతకడమెందుకు?

ఐదో రోజున అట్ట బల్ల మీద పరిచాను. కత్తెర రెండు చేతులతో పట్టుకుని కత్తిరించాను, మూడు రోజులు పట్టింది. వెంట్రుకవాసి తేడా రానివ్వలేదు. కుట్టాను. ఈ వేళ్ళతో దానికి మూడు వారాలు. ఇస్త్రీ చేశాను. బొమ్మకి తొడిగాను.

కాలరు నిలబడింది! అమ్మ అసలు అట్టతో కుట్టిన కాలరే, కుందేలు చెవుల్లాగే.

నేను ఆ బొమ్మ ముందు ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. "ఇక్కడ నెమ్మది" అని అమ్మ రాసిన చోట వేలు పెట్టి చూశాను. నెమ్మదిగానే కుట్టాను కదా! ఎలా నెమ్మదో అట్ట చెప్పదే. ఆ మర్నాడు నీ ఉత్తరం వచ్చింది, పట్టుకునేవాళ్ళ సంగతి. అది చదివి, గుండీల వ్యాపారి పోయినేడు వదిలిపోయిన చిరునామా చీటీ వెతికి, మాస్టరుకి ఉత్తరం రాశాను. రెండు ముక్కలు: "అట్ట దొరికింది. మీరు తియ్యలేదు."

వచ్చాడే. నిన్న పొద్దుటి రైలుకి వచ్చాడు. జుట్టంతా ఊడింది. కళ్ళద్దాలకి ఒక పక్క దారం కట్టుకున్నాడు, నల్ల దారం, జోడు పోగు. గుమ్మంలో నిలబడి, "నేను తియ్యలేదని నాకు ఇరవై ఏడేళ్ళుగా తెలుసండీ. మీకిప్పుడు తెలిసింది, అంతే తేడా" అన్నాడు. అని నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. "కూర్చోండి" అన్నాను. ఎవరు తీశారని అడగలేదు. చెప్పబోతే, "చిన్నపిల్ల. తల్లి పోయిన ఏడాది" అన్నాడు. ఎప్పుడు కనిపెట్టాడో మరి. మళ్ళీ ఆ మాట ఎత్తనివ్వలేదు.

బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. కాలరు విప్పెయ్యమన్నాడు. నా వేళ్ళు చూసి, తనే విప్పాడు. తర్వాత నన్ను మిషను ముందు కూర్చోబెట్టి, తను వెనక నిలబడి, వంపు దగ్గరకి రాగానే నా ఎడమ బొటనవేలి మీద తన బొటనవేలు పెట్టి నొక్కాడు. కింది గుడ్డని కొంచెం లోపలికి తోస్తూ, పై గుడ్డని వదులుతూ. అమ్మ అతనికి అలాగే నేర్పిందట, వేలి మీద వేలు పెట్టి. "అట్ట మీద రాయడానికి అది మాటల్లో లేదండీ" అన్నాడు.

ఒక జానెడు కుట్టు. ఆ చెయ్యి నా చేతి మీద అంతసేపే ఉంది.

కాలరు కూర్చుంది, గుండీ. పిల్లిలా ముడుచుకుని కూర్చుంది.

మనవరాలి ఫోటో చూపించాడు. "మీ పోలికే" అన్నాను. "కాదు, మా ఆవిడ పోలిక" అన్నాడు. ఆవిడ బాగానే ఉన్నారట. సగంలో ఆగిన నా కోటు బీరువా పైనే ఉందని చెప్పలేదు, అతనూ అడగలేదు. మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళూ పోయింది అట్టేననుకున్నాను. వెతకాల్సింది అట్టని కాదు.

నిన్ను క్షమించానా అంటే నాకింకా తెలీదు. అడగనన్నావు, అడక్కు. ఆ కాలరు పట్టు నాకు అందింది కాబట్టి, కొట్టు మూసేలోపు ఇంకో కోటు కుట్టగలననుకుంటున్నాను. అది నీకు. కానీ నా పుస్తకంలో నువ్వు పందొమ్మిదేళ్ళ దగ్గరే ఉన్నావు. ఆ కొలతల్లో ఇప్పుడు నీ చెయ్యి కూడా పట్టదు. కొత్త కొలతలు కాగితం మీద రాసి పంపావా, చదవకుండా చింపేస్తాను. నువ్వే వచ్చి వెనక గదిలో, వెలుతురు వైపు తిరిగి నిలబడు. టేపు పట్టుకునేంత పట్టు నా వేళ్ళలో ఇంకా ఉంది. ఎన్నాళ్ళుంటుందో డాక్టరమ్మ చెప్పలేనంది.

చలి మొదలయ్యేలోపు రా.

అక్క